మెత్త లేని కుర్చీ

మా కోడలు మొదటి కుర్చీని గరుకు కాగితం వెనక గీసింది. ఇంట్లో తెల్లకాగితాలు లేక కాదు. మావాడు టేకు చెక్కల్ని రుద్ది రుద్ది, అరిగిపోయాక పారేసిన గరుకు కాగితం ముక్కలు తలుపు పక్కన గంపలో పడుండేవి. ఆ పిల్లకి ఏదైనా తోచిందంటే కాగితం వెతుక్కునే ఓపిక ఉండదు, చేతికి ఏది దొరికితే దాని మీదే గీసేస్తుంది. ఆ ఏడు వానలు మొదలైన కొత్తలో ఒకరోజు గంప ఎత్తి బయట పారబోయబోతే, ప్రతి ముక్క వెనకా ఒక కుర్చీ కనబడింది. అన్నీ సన్నకాళ్ళవే, ఎండుపుల్లల్లా ఉన్నాయి. పిచ్చిగీతలనుకుని పారబోశాను కూడా. మర్నాటికి గంపలో మళ్ళీ అన్ని కుర్చీలూ ఉన్నాయి.

మాది కుర్చీలూ సోఫాలూ చేసే ఇల్లు. కింద కార్ఖానా, పైన మేము. మా ఆయన పోయాక చెక్కపని మావాడి చేతికొచ్చింది. పాలిష్ పని మా అన్నయ్యది. మెత్తల పని మొదట్నుంచీ నాదే. స్ప్రింగులు కట్టి, వాటి మీద గోనెగుడ్డ పరిచి, పీచు కూరి, దూది సర్ది, పైగుడ్డ లాగి మేకులు దిగగొట్టేదాకా ఇంకో చెయ్యి పడనిచ్చేదాన్ని కాదు. వీధిలో నా అసలు పేరు ఎవరికీ తెలియదు. స్ప్రింగులమ్మ అంటే మాత్రం అవతలి వీధివాళ్ళు కూడా ఇల్లు చూపించేవాళ్ళు. "స్ప్రింగులమ్మ కుట్టిన సోఫాలో కూర్చున్నవాడు లేవడు" అని ఒకావిడ ఊరంతా చెప్పింది. నిజమే, ఆవిడ అల్లుడు ఆర్నెల్లు లేవలేదు.

కానీ ఆ రోజుల్లో మా సోఫాలు కొనేవాళ్ళు తగ్గిపోతున్నారు. మేం చేసేవన్నీ ఏనుగుల్లాంటివి. చెక్కిన కాళ్ళు, వెడల్పాటి చేతులు, నలుగురు పట్టుకుంటే గానీ కదలని బరువు. ఇళ్ళేమో చిన్నవైపోతున్నాయి, మెట్లు ఇరుకైపోతున్నాయి. ఆ వేసవిలోనే మా సోఫా ఒకటి మూడో అంతస్తుకి ఎక్కిస్తుంటే మెట్ల మలుపులో ఇరుక్కుపోయింది. పైకి పోదు, కిందికి రాదు. చివరికి మావాడే రంపం పట్టుకెళ్ళి, తను చేసిన దాన్ని తనే రెండు ముక్కలు కోసి దించాడు. ఇంటికొచ్చి చేతులు కడుక్కుని, తినకుండానే పడుకున్నాడు.

అలాంటి టైములో ఆ కబురొచ్చింది. ఊళ్ళో కొత్త గ్రంథాలయం లేస్తోంది. అందులో చదువుకునే హాలుకి కుర్చీలూ దీపాలూ కావాలని దాన్ని కట్టిస్తున్న ఆర్కిటెక్టు కొన్ని కార్ఖానాలవాళ్ళని పిలిచాడు. మావాడు వెళ్ళొచ్చి, తడిసిన గొడుగు మూలన ఆనించి, పీటమీద కూలబడ్డాడు.

"ఒక్కొక్కళ్ళు ఒక కుర్చీ, ఒక దీపం చేసి చూపించాలట. వానలు వెనకపట్టేలోపు. ఎవరిది నచ్చితే హాలంతా వాళ్ళదే" అన్నాడు.

"ఎలాంటి కుర్చీ కావాలట?" అన్నాను.

"అదే చెప్పడమ్మా ఆయన. ఊడ్చే మనిషి ఒక్క చేత్తో ఎత్తగలగాలట. చదివే మనిషి కూర్చున్న సంగతే మరిచిపోవాలట. అంతకుమించి ఒక్క ముక్క చెప్పడు."

"మరిచిపోయే కుర్చీకి పాలిష్ దేనికి, దండగ" అన్నాడు మా అన్నయ్య.

మావాడు నవ్వలేదు. ఇనుప గొట్టాల కుర్చీలు చేసే పెద్ద కంపెనీ కూడా పోటీకి వస్తోందట. ఈ పని మనకి రాకపోతే వచ్చే ఏడు తను ఆ కంపెనీలోనే మేస్త్రిగా చేరాల్సి వస్తుందని, అక్కడివాళ్ళు అప్పుడే ఒకసారి అడిగారని, తల వంచుకుని చెప్పాడు. వాళ్ళ నాన్న కార్ఖానా గోడకి తగిలించిన రంపాల వరసకేసి ఒకసారి చూసి, చూపు తిప్పేసుకున్నాడు.

అప్పుడు మా కోడలు మెట్లు దిగి వచ్చింది. ఆమె చేతిలో గరుకు కాగితం ముక్కలు. మా ఇంటికొచ్చి రెండేళ్ళు దాటుతోంది. డ్రాయింగ్ బడిలో చదువుకున్న పిల్ల. మాట తక్కువ. నేను మాట్లాడేది ఇద్దరికీ సరిపోతుంది కాబట్టి ఇంట్లో ఎవరికీ ఆ లోటు తెలియలేదు. ఆ రోజు మాత్రం ముక్కలన్నీ నేలమీద వరసగా పేర్చి, ఒకదాని మీద వేలు పెట్టి, "ఇది చేద్దాం" అంది.

వీపూ సీటూ విడివిడిగా లేవు. ఒకే చెక్క పైనుంచి జారి, నడుం దగ్గర మెలికపడి, సీటుగా పరుచుకుని, మోకాళ్ళ దగ్గర కిందికి వాలింది. దాని కింద నాలుగు సన్నటి కాళ్ళు నాలుగు వైపులా ఎడంగా చాచుకుని ఉన్నాయి.

మా అన్నయ్య వంగి చూసి, "ఇదేంటమ్మా, ఇప్పుడే పుట్టి లేవబోతున్న మేకపిల్లలా ఉంది!" అన్నాడు.

ఆమె కూడా నవ్వింది. "లేచి నిలబడుతుంది మావయ్యగారూ, చూడండి" అంది.

నేను ముక్కని అటూ ఇటూ తిప్పాను. "మెత్త ఎక్కడమ్మాయ్?"

బయట చూరు నీళ్ళు ధారగా పడుతున్నాయి.

"మెత్త లేదత్తయ్యా" అంది. గొంతు చిన్నదే గానీ వణకలేదు.

నేను నా బల్ల దగ్గరికెళ్ళి సుత్తి అందుకున్నాను. ఆ పూట మేకులు కాస్త గట్టిగానే దిగాయి.

*

ఒక మధ్యాహ్నం నేను కిందికి దిగేసరికి, నేను కుట్టి పెట్టిన కొత్త సోఫా మీద ఆమె వంగి ఉంది. వంచితే వంచినట్టే నిలిచే సీసపు తీగ ఒకటి వీపు మీదనుంచి సీటు అంచుదాకా పొడుగ్గా పరిచి, వేళ్ళతో మెల్లగా నొక్కుతోంది.

"ఏం చేస్తున్నావ్? గుడ్డకి మరక పడుతుంది!" అని కేకేశాను.

"వంపు చూస్తున్నానత్తయ్యా."

"సోఫాకి వంపేంటి? కూర్చుంటే దిగుతుంది, లేస్తే లేస్తుంది."

ఆమె నవ్వి, ఆ తీగ రూపు చెడకుండా రెండు చేతుల్లో పట్టుకుని, నిండా పాలున్న గిన్నెని మోసుకెళ్ళినట్టు మెల్లగా నడిచి వెళ్ళిపోయింది. ఈ పిల్లకి వేరే పని లేదనుకున్నాను.

మావాడు ఆ వంపుకి అచ్చు తయారు చేశాడు. పలచటి చెక్క పొరల్ని ఒకదాని మీద ఒకటి జిగురు రాసి పేర్చి, అచ్చులో పెట్టి, చుట్టూ మరలు బిగించి ఆరనివ్వాలి. వినడానికి అంతే. వానాకాలంలో జిగురు ఆరితేగా? మొదటిది విప్పితే పొరలన్నీ పాత పుస్తకంలో కాగితాల్లా విడిపోయాయి. రెండోది నడుం మెలిక దగ్గర ఫట్టుమంది. మావాడు ఆ ముక్క తీసుకుని కోపంగా గోడకేసి విసిరాడు.

"నువ్వు గీసినట్టు ఒంగడానికి ఇది కాగితం కాదు, చెక్క!" అని పెళ్ళాం మీద అరిచాడు. మా ఇంట్లో వాడు ఆమె మీద గొంతెత్తడం నేను అదే మొదటిసారి వినడం.

ఆమె విరిగిన ముక్క తెచ్చి, విరిగిన చోట వేలితో తడిమింది. "చెక్క తప్పు కాదు. ఇక్కడ జిగురు ఇంకా పచ్చిగానే ఉంది. దీనికి వెచ్చటి చోటు కావాలి" అంది. తర్వాత నాకేసి చూసింది. "వంటింట్లో పెట్టుకోవచ్చా అత్తయ్యా?"

వంటిల్లంటే నా రాజ్యం. మా ఆయన కూడా చెప్పులతో గడప దాటలేదు. ఆ అచ్చు చూస్తే దూడంత ఉంది. పొయ్యి పక్కన దానికి చోటివ్వాలంటే గిన్నెల అర తీసెయ్యాలి, బియ్యం డబ్బా హాల్లోకి మారాలి, నేను గోడకానుకుని ఒంటికాలి మీద వండాలి. వద్దనడానికే నోరు తెరిచాను. మావాడి మొహం చూశాను. సోఫాని రెండు ముక్కలు చేసొచ్చిన రోజు మొహమే అది.

"గిన్నెల అర ఎవడు పట్టుకుంటాడు? నేనొక్కదాన్నే మొయ్యాలా?" అన్నాను.

అప్పట్నుంచి మా ఇంట్లో ఏం వండినా జిగురు వాసనే. మా అన్నయ్య కంచం ముందు కూర్చుని, "ఇవాళ కూరలో జిగురు బాగా కుదిరిందమ్మాయ్, మూతి విడిపోవడం లేదు" అనేవాడు. ఆయన మూతి మూతపడ్డ పూట ఒక్కటీ నేను చూడలేదు. పొయ్యి సెగ తగ్గకుండా నేనూ కోడలూ వంతులేసుకుని చూసేవాళ్ళం. అచ్చుకి ఏ పక్క ఎక్కువ వేడి తగులుతోందో చేత్తో తాకి, తిప్పి పెట్టేవాళ్ళం. ఆ వారాల్లో ఆమె నాతో మాట్లాడినంత రెండేళ్ళలో మాట్లాడలేదు. చిన్నప్పుడు బళ్ళో బెంచీల మీద కూర్చుంటే కాళ్ళు నేలకి అందేవి కాదట. సాయంత్రానికి తిమ్మిరెక్కేవట. "కూర్చోవడం కూడా కష్టమైతే ఇంక చదువేం ఎక్కుతుందత్తయ్యా" అంది. మూడో చెక్క అచ్చులోంచి నిక్షేపంగా బయటికొచ్చింది. మావాడు వేలి కణుపుతో కొడితే ఖంగుమంది. పొయ్యి దగ్గరే మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. నేను పోపు మాడిపోతోందని అటు తిరిగాను. పోపేమీ మాడలేదు.

దీపం సంగతి వేరే. దానికి గిన్నెలు చేసే మేస్త్రిని పట్టుకుంది. ఒకరోజు అతను లబోదిబోమంటూ నా దగ్గరికొచ్చాడు.

"స్ప్రింగులమ్మగారూ, మీ కోడలు మూడు అల్యూమినియం గిన్నెలు చెప్పింది. ఒకదాని కన్నా ఒకటి పెద్దది. బానే ఉంది. ఇప్పుడు మూడింటికీ అడుగు కోసెయ్యమంటోంది! నీళ్ళు పోస్తే నిలుస్తాయా?"

"నీళ్ళకి కాదులే బాబూ, వెలుగుకి. చెప్పినట్టు కొయ్యి" అన్నాను. నిజానికి నాకూ ఏమీ అర్థం కాలేదు.

ఆ గిన్నెల్ని బోర్లించి, ఒకదాని కింద ఒకటి ఎడం ఉంచి వేలాడదీసింది. లోపలివైపు తెల్లరంగు వేసింది. దాన్ని వంటింటి దూలానికి కట్టి స్విచ్చి వేస్తే, ఎటు నుంచి చూసినా బల్బు కనబడదు. వెలుగు మాత్రం చాప పరిచినట్టు కింద పరుచుకుంది. అంతవరకు మాకు దీపమంటే కళ్ళలో పొడిచే ఉత్త బల్బే. నేను సూది తెచ్చి దాని కింద పట్టుకున్నాను. దారం ఒక్కసారికే ఎక్కింది.

"ఇది బాగుందమ్మాయ్" అన్నాను మనస్ఫూర్తిగా.

దీపానికి ఒప్పుకున్నంత తేలిగ్గా కుర్చీకి ఒప్పుకోలేకపోయాను.

*

కుర్చీ నిలబడింది. ఆమె చెప్పినట్టే, సన్నటి కాళ్ళు చాచుకుని మేకపిల్లలా నిలబడింది. వీధిలోవాళ్ళు ఒక్కొక్కళ్ళే వచ్చి చూసి, కూర్చుని, లేచి, తలా ఒక మాట అని పోయారు. మా అన్నయ్య ఎగిరి కూర్చుని, విరుగుతుందేమోనని కళ్ళు మూసుకుని, విరగలేదని తెలిసి కళ్ళు తెరిచాడు. నేను మాత్రం కూర్చోలేదు. "పనుంది" అన్నాను. నా పనేమిటో అందరికీ తెలుసు. ఆ నెలలో నాకొచ్చింది ఒకే ఒక్క పాత సోఫా, దానికీ పైగుడ్డ మార్చడమే.

హాలు నిండా ఆ కుర్చీలే వస్తే, ఆ తర్వాత బళ్ళకీ ఆఫీసులకీ అవే వెళ్తే, కిటికీ పక్కన నా బల్ల దేనికి? ఆ మాట నేను పైకి అనలేదు. కానీ అమ్మ మౌనం కొడుక్కి వినబడకుండా ఉంటుందా? చూపించడానికి రెండు రోజులుందనగా వాడు నా బల్ల దగ్గరికొచ్చి, సూదులడబ్బా మూత తీస్తూ పెడుతూ, "అమ్మా, ఆ కుర్చీకి పలచగా ఒక మెత్త కుట్టవా?" అన్నాడు.

"మీ ఆవిడేమంది?"

"సరేనంది."

"ఎలా అంది?"

"ఎలా అంటుంది? సరే అని అంది."

నేను కుట్టాను. నా జన్మలో అంత మంచి మెత్త కుట్టలేదు. అంచు చుట్టూ సన్నటి తాడు పెట్టి కుట్టాను. గుండీలు లోపలికి లాగి బిగించాను. ఒక్క కుట్టు కూడా బయటికి కనబడలేదు. మావాడు దాన్ని కుర్చీకి నాడాలతో కట్టి, మర్నాడు కింద నుంచి చిల్లులు వేసి మరలు బిగిస్తానన్నాడు.

"ఇప్పుడు కుర్చీలా ఉంది!" అన్నాడు మా అన్నయ్య.

కోడలు దగ్గరికొచ్చి, నా కుట్టు మీద వేలితో నిమిరి, "చాలా బాగా కుట్టారత్తయ్యా" అంది. అబద్ధం చెప్పలేదు. మెత్త బాగుంది. ఆ మాట అన్నాక ఆమె కుర్చీని దూరం నుంచి ఒకసారి చూసి, పైకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున మరలు కొనుక్కొస్తామని మావాడూ అన్నయ్యా బజారుకెళ్ళారు. కోడలు దీపానికి తీగ తేవాలని ఇంకోవైపు వెళ్ళింది. ఇంట్లో నేనూ కుర్చీ మిగిలాం.

కూర్చున్నాను. నా మెత్త మీద. మెత్తగానే ఉంది. కానీ మడమలు నేలకి ఆనడం లేదు. వీపు దగ్గర ఏదో తోస్తోంది. ముందుకి జరిగాను, వెనక్కి జరిగాను. కూర్చున్నవాళ్ళు అలా జరుగుతున్నారంటే ఎక్కడో తేడా ఉన్నట్టే, అది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. లేచి, నాడాలు విప్పి, మెత్త పక్కన పెట్టి, మళ్ళీ కూర్చున్నాను.

పాదాలు నేలకి ఆనాయి. తొడల కింద అంచు తగల్లేదు. నడుం వెనక్కి వాలితే అక్కడ చెక్క ముందే వచ్చి కాచుకుని ఉంది. నేను స్ప్రింగులు కట్టేటప్పుడు వెనక వరస కాస్త కిందికి లాగి కడతాను, మనిషి ముందుకి జారకుండా. నడుం దగ్గర పీచు ఒక పిడికెడు ఎక్కువ పెడతాను. అది నా పద్ధతి, మా ఇంట్లో ఎవరికీ నేర్పలేదు. చేత్తో సీటంతా తడిమాను. నా పల్లం అక్కడే ఉంది. నా పిడికెడు పీచు అక్కడే ఉంది, చెక్కై. ఆ పిల్ల సీసపు తీగలో పట్టుకెళ్ళింది ఇదన్నమాట.

ఎంతసేపు అలా కూర్చున్నానో తెలియదు. వాన ఆగినట్టుంది. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

వాళ్ళు తిరిగొచ్చేసరికి నేను వంటింట్లో, మెత్త నేలమీద వేసుకుని దాని మీద కూర్చుని, కూరగాయలు తరుగుతున్నాను. మావాడు మరల పొట్లంతో గడపలో నిలబడిపోయాడు. కోడలు వాడి భుజం పక్కనుంచి తొంగిచూసింది.

"అమ్మా, ఆ మెత్త..." అన్నాడు వాడు.

"నాకు కావాలి. ఈ వానలకి నేల చల్లగా ఉంది, మోకాళ్ళు పట్టేస్తున్నాయి. ఆ మరలు ఇంకో దానికి వాడుకో" అన్నాను.

"మరి కుర్చీకి?"

"కుర్చీకి ఎందుకురా? దానికేం తక్కువ?"

కోడలు లోపలికొచ్చి, ఇంకో కత్తిపీట తెచ్చుకుని, నా ఎదురుగా కూర్చుని తరగడం మొదలెట్టింది. ముక్కలన్నీ వంకరటింకరగా పడుతున్నాయి. అంత బాగా గీతలు గీసే చెయ్యి!

*

చూపించే రోజు మిగతా కార్ఖానాలవాళ్ళంతా బళ్ళ మీద వచ్చారు. పెద్ద కంపెనీవాళ్ళు లారీ తెచ్చారు. మేం నడిచి వెళ్ళాం. కుర్చీని మా కోడలు ఒక్క చేత్తో పట్టుకుంది. దీపం పాత దుప్పట్లో చుట్టి నేను పట్టుకున్నాను. తుంపర పడుతుంటే మా అన్నయ్య గొడుగు కుర్చీ మీద పట్టి, తను తడుస్తూ నడిచాడు. "నా పాలిష్ అది. నా నెత్తికి పాలిష్ లేదుగా" అన్నాడు. దారిపొడుగునా జనం ఆగి చూశారు.

హాలు ఇంకా పూర్తవలేదు. కిటికీలకి అద్దాలు లేవు, సున్నం వాసన వస్తోంది. అక్కడ కుర్చీలన్నీ వరసగా పెట్టారు. కొన్ని బంగళాల్లో పెట్టుకునేంత ఠీవిగా ఉన్నాయి. కంపెనీ కుర్చీ గొట్టాలు మెరిసిపోతున్నాయి, దాని మీద ఎర్ర రెగ్జిను మెత్త. వాటి మధ్య మా మేకపిల్ల ఒంటి మీద నూలుపోగు లేకుండా నిలబడి ఉంది.

ఆర్కిటెక్టు దళసరి కళ్ళద్దాల మనిషి. నవ్వడు, మాట్లాడడు. ఒక్కొక్క కుర్చీనీ ఒంటిచేత్తో ఎత్తి చూశాడు. కొన్ని లేవలేదు. కొన్ని రెండు చేతులా లేచాయి. మాది ఎత్తబోయి, బరువుంటుందనుకున్నాడేమో, ఒక్కసారిగా ఛాతీదాకా లేపేశాడు. అక్కణ్ణుంచే నేలమీదికి వదిలాడు. మా అన్నయ్య "అయ్యో" అన్నాడు. కుర్చీ నాలుగు కాళ్ళ మీదా దిగి, ఒకసారి ఊగి, నిలబడింది.

తర్వాత దీపాలు. మా దీపం పైకి కట్టించి, దాని కిందికి మా కుర్చీ లాగించి, ఆయన కూర్చున్నాడు. చంకలో ఉన్న పేపరు తీసి విప్పాడు. బయట మబ్బుకి హాలంతా మసకగా ఉంది, ఆ పేపరు మీద మాత్రం వెలుగు పడింది. మేమంతా చుట్టూ నిలబడ్డాం. ఆయన ఏమంటాడా అని అందరూ మొహం కేసి చూస్తున్నారు. ఆయన మొదటి పేజీ చూశాడు. పేజీ తిప్పాడు. కాలు మీద కాలు వేసుకున్నాడు. ఇంకో పేజీ తిప్పాడు.

ఆయన లేవలేదు.

కంపెనీ మేనేజరు దగ్గాడు. అయినా లేవలేదు. ఏదో వార్త కింది దాకా చదువుతున్నాడు, పెదాలు కదులుతున్నాయి. మా అన్నయ్య నా చెవిలో, "మనం వచ్చిన సంగతి మర్చిపోయాడే" అన్నాడు. అప్పుడు నాకు మావాడు మొదటిరోజు చెప్పిన మాట తట్టింది. కోడలి చెయ్యి పట్టుకున్నాను.

చివరికి ఆయన పేపరు మడిచి, చుట్టూ ఉన్నవాళ్ళని చూసి, కాస్త సిగ్గుపడ్డాడు. అప్పుడు నవ్వాడు. "ఇది గీసిందెవరు?" అని మావాణ్ణి అడిగాడు.

మావాడు నోరు తెరిచేలోపే, "నా కోడలండీ" అన్నాను. హాలు ఖాళీగా ఉండటం వల్లో ఏమో, ఆ మాట నాలుగు గోడలకీ తగిలి పెద్దగా వినబడింది. మావాడు పెళ్ళాన్ని ముందుకి నడిపించాడు. "గీసింది తనే. నేను చేసింది వడ్రంగం" అన్నాడు.

ఆయన ఆమెను ఏవేవో అడిగాడు. ఎన్ని పొరలు, కాళ్ళు ఎందుకు అంత ఎడం, ఒకదాని మీద ఒకటి పేర్చొచ్చా. ఆమె గడగడా చెప్పింది. రెండేళ్ళ మాటలన్నీ దాచుకుని అక్కడ ఖర్చు పెట్టినట్టు చెప్పింది. తర్వాత ఆయన మర్యాదగా నావైపు తిరిగాడు.

"మీరు కూడా ఈ పనిలోనే ఉన్నారామ్మా? మీరేం చేస్తారు?"

"మెత్తలు కుడతానండీ."

ఆయన కుర్చీకేసి చూశాడు. ఏమనాలో తెలియక, "దీనికి... లేదు కదా?" అన్నాడు.

"కుట్టానండీ. కూర్చుని చూసి నేనే తీసేశాను. దీనికి అక్కర్లేదు."

ఆయన చేతులు జోడించాడు.

*

హాలంతా మాదే అయింది. మావాడు కంపెనీ గుమ్మం ఎక్కలేదు. వానలు వెనకపట్టి చలి మొదలయ్యేలోగా పని అందించాలి. ఒక్క అచ్చు చాలదు, నాలుగు కావాలి, వాటికి చోటు కావాలి. కిటికీ పక్కన నా బల్ల నేనే తీయించాను. మావాడు వద్దంటే, "ఎండ పడే చోటు అదే, జిగురు ఆరాలంటే అక్కడే పెట్టాలి" అన్నాను. బల్ల పై అంతస్తుకి చేరింది. ఇప్పటికీ ఎవరైనా పాత సోఫా తెస్తే దాని మీదే కుడతాను.

కార్ఖానాలో నాకు కొత్త పని దొరికింది. కుర్చీ తయారవగానే ముందు నేను కూర్చోవాలి. నేను కూర్చుని, కదలకుండా ఉండి, సరే అంటేనే అది బండెక్కేది. ఏదైనా కొంచెం కిర్రుమన్నా, నడుం దగ్గర అంచు తగిలినా వెనక్కి పంపేదాన్ని. మా అన్నయ్య కుళ్ళుకునేవాడు. "చూశావా, మేం చచ్చేట్టు చాకిరీ చేస్తుంటే నీ ఉద్యోగం కూర్చోవడం!" అనేవాడు. "అర్హత ఉండాలి" అనేదాన్ని.

గ్రంథాలయం తెరిచాక ఒక సాయంత్రం నేనూ కోడలూ చూడటానికి వెళ్ళాం. తలుపు తోసి లోపలికి అడుగుపెట్టగానే ఆగిపోయాను. హాలు నిండిపోయింది. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా మా దీపాలు కిందికి వేలాడుతున్నాయి, ఒక్కో వెలుగు కింద ఒక్కో తల వంగి ఉంది. ఒక పెద్దాయన చెప్పులు విడిచి, వెనక్కి వాలి చదువుతున్నాడు. ఒక పిల్ల కాలు పైకి ముడుచుకుని జడ కొస నములుతోంది. ఒకడు పుస్తకం గుండెల మీద పెట్టుకుని హాయిగా నిద్రపోతున్నాడు. ఒక మూల ఊడ్చే ఆవిడ ఎడంచేత్తో కుర్చీ ఎత్తి పట్టుకుని, కుడిచేత్తో దాని కింద చీపురు ఆడిస్తోంది.

ఎవరూ కుర్చీకేసి చూడటం లేదు. ఎవరూ ముందుకీ వెనక్కీ జరగడం లేదు. నేను వరస వెంబడి ఒక్కొక్కళ్ళ నడుమూ చూసుకుంటూ వెళ్ళాను. అంతమందిలో ఒక్కళ్ళు కూడా జరగలేదు.

జడ నములుతున్న పిల్ల నన్ను చూసి, గబుక్కున లేచి నిలబడింది. "పెద్దమ్మా, మీరు కూర్చోండి" అంది.

"వద్దమ్మా, నువ్వు చదువుకో" అన్నాను.

ఆ పిల్ల మళ్ళీ కూర్చుంది. కూర్చోగానే కళ్ళు పేజీలోకి వెళ్ళిపోయాయి.

కోడలు నా మోచెయ్యి పట్టుకుని, "కాళ్ళు లాగుతాయత్తయ్యా. బయట బెంచీ ఉంది, కాసేపు కూర్చుందాం రండి" అంది గొంతు తగ్గించి.

"లాగనీ" అన్నాను. "ఇంకాసేపు నిలబడతాను."